అడగకుండానే దక్కుతున్న అనుమతి: వ్యవసాయ యాప్‌లు, రైతు సమ్మతి

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద నాలుగో సంవత్సరం విద్యార్థులు ఊళ్లలో ఉంటున్న రోజులవి. ఒక మిరప రైతు ఇంటి అరుగు మీద కూర్చుని ఒక విద్యార్థి ఆయన ఫోన్‌లో తెగుళ్లను గుర్తించే యాప్‌ను ఎక్కిస్తున్నాడు. తెర మీద వరుసగా మూడు పెట్టెలు వచ్చాయి. కెమెరా, లొకేషన్, నోటిఫికేషన్లు. మూడింటికీ 'అనుమతించండి' అన్నచోట విద్యార్థే నొక్కాడు. అర నిమిషంలో పని ముగిసింది. అప్పుడు రైతు, "మా చేను ఫొటో ఎక్కడికి పోతుంది బాబూ? ఎవరు చూస్తారు?" అని అడిగారు. "ఏం కాదండీ, ఫొటో తీయడానికీ, చేను ఎక్కడుందో తెలియడానికీ మాత్రమే అడిగింది" అన్నాడు విద్యార్థి. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం అతనికి లేదు. తెర మీద కనిపించినదే చెప్పాడు. రైతు అడిగిన విషయం మాత్రం తెర మీద ఎక్కడా లేదు.

అది లేకపోవడం యాదృచ్ఛికం కాదు. ఆండ్రాయిడ్ వ్యవస్థలో అనుమతులు ప్రధానంగా రెండు తరగతులుగా ఉంటాయి. కెమెరా, మైకు, లొకేషన్, కాంటాక్టుల వంటివి ప్రమాదకర తరగతికి చెందినవి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి వీటిని యాప్ నడుస్తున్నప్పుడు వాడుకదారును అడిగి పొందాలి. ఇంటర్నెట్‌ను వాడుకునే అనుమతి సాధారణ తరగతిలోనిది. యాప్‌ను రూపొందించినవారు తమ ఫైలులో ఒక వాక్యం చేర్చితే చాలు, ఫోన్‌లో ఎక్కిన క్షణంలోనే అది దక్కుతుంది. ఏ పెట్టే తెరుచుకోదు, ఎవరినీ అడగదు. కొన్ని కంపెనీల ఫోన్లను మినహాయిస్తే, అనుమతుల జాబితాలో దాన్ని తీసివేసే మీట కూడా కనిపించదు. దాదాపు ప్రతి యాప్‌కూ నెట్‌వర్క్ అవసరమే కాబట్టి ప్రతిసారీ అడగడం విసుగు పుట్టిస్తుందన్నది ఈ ఏర్పాటుకు చెప్పదగిన సమర్థన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ దాని ఫలితమేమిటో విస్తరణ రంగంలో ఉన్న మనం ఆలోచించలేదు.

కెమెరా అనుమతి ఫొటో తీయడానికి పనికివస్తుంది. లొకేషన్ అనుమతి చేను అక్షాంశ రేఖాంశాలను తెలుసుకోవడానికి పనికివస్తుంది. ఈ రెండూ ఫోన్‌లోనే ఉండిపోతే రైతుకు వచ్చే నష్టం స్వల్పం. అవి ఫోన్ దాటి బయటికి వెళ్లేది నెట్‌వర్క్ మీదుగానే. అంటే మన రైతు గడప లోపలికి రావడానికి మాత్రమే అనుమతి ఇస్తున్నాడు. గడప దాటి ఏమి బయటికి పోతున్నదో ఆయనను ఎవరూ అడగడం లేదు. రైతు సమ్మతి తీసుకున్నామని మన నివేదికల్లో రాసే వాక్యం ఈ కారణంగా సగమే నిజం. మిగిలిన సగాన్ని ఫోన్ అడగదు గనుక మనిషే అడగాలని నా అభిప్రాయం. ఆ మనిషి విస్తరణ కార్యకర్త.

2022 నుంచి ప్లే స్టోర్‌లో ప్రతి యాప్ పేజీలోనూ డేటా భద్రత అన్న విభాగం ఉంటున్నది. ఏ సమాచారం సేకరిస్తారో, ఎవరితో పంచుకుంటారో అక్కడ రాస్తారు. అయితే అది యాప్ యజమాని తన గురించి తానే ఇచ్చుకున్న ప్రకటన. పైగా యాప్ లింకు వాట్సాప్‌లో వచ్చినప్పుడు ఆ పేజీలో అంత కిందికి వెళ్లి చదివేవారు, శాస్త్రవేత్తలతో సహా, ఎందరున్నారు?

అడిగే అనుమతుల విషయంలోనైనా మనం పొదుపు పాటిస్తున్నామా అంటే అదీ లేదు. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద వాతావరణ ఆధారిత సలహాలు మంగళ, శుక్రవారాల్లో వెలువడుతున్నాయి. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్ వాటిని రైతుకు అందిస్తున్నది. జిల్లా స్థాయి సలహాకు కావలసింది జిల్లా పేరు. జాబితాలోంచి జిల్లానో, మండలాన్నో ఎంచుకోమంటే సరిపోయే చోట చేను గట్టుదాకా కొలిచే కచ్చితమైన లొకేషన్‌ను ఏ యాప్ అడిగినా అది అలవాటు కొద్దీ అడగడమే. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి వాడుకదారు కచ్చితమైన స్థానానికి బదులు సుమారు స్థానాన్ని ఎంచుకోవచ్చు. అది దాదాపు మూడు చదరపు కిలోమీటర్ల పరిధిని మాత్రమే తెలుపుతుంది. వాన కబురుకు అది చాలు. పంట కోత ప్రయోగానికీ, పంట నమోదులో జియోట్యాగింగ్‌కూ, పురుగుల నిఘాకూ చాలదు. అక్కడ కచ్చితమైన స్థానం నిజంగా అవసరం. రైతుకు కారణం చెప్పి అడిగితే ఇస్తాడు కూడా. ఈ తేడాను పాటించకుండా అన్నింటికీ ఒకే కొలత వాడడమే నా అభ్యంతరం.

ఈ తప్పులో నాకూ భాగముంది. కొన్నేళ్ల క్రితం ఒక సలహా యాప్ నమూనాను పరిశీలించిన బృందంలో నేను ఉన్నాను. ఆ యాప్ రైతు కాంటాక్టుల జాబితాను అడుగుతున్నది. ఎందుకని అడిగితే, "తర్వాత అవసరం రావచ్చు సార్" అన్నది తయారీదారు జవాబు. సమయం మించిపోతున్నదని అందరం సంతకాలు పెట్టాం. ఆ అవసరం ఎన్నడూ రాలేదు. జాబితా మాత్రం వెళుతూనే ఉండి ఉంటుంది.

రైతులు ఇవేవీ పట్టించుకోరని సహోద్యోగులు అంటుంటారు. పట్టించుకునేవారు మనకు చెప్పరు, అంతే. చెప్పకుండా యాప్‌ను తీసేస్తారు; లేదా ఇంట్లో పాత ఫోన్ నంబరు ఇస్తారు; లేదా పక్క చేనులో నిలబడి ఫొటో తీస్తారు. దీన్ని మనం డిజిటల్ నిరక్షరాస్యతగా లెక్కగడుతున్నాం. కౌలు రైతు విషయం చూస్తే ఇందులో ఎంత వివేకం ఉందో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు పదకొండు నెలల కార్డు ఇస్తారు. దానికి భూయజమాని అంగీకారం కావాలి. చాలామంది యజమానులు కాగితం మీదికి రావడానికి ఇష్టపడరు. నోటిమాట మీద సాగే కౌలులో, ఫలానా సర్వే నంబరులో ఫలానా మనిషి పత్తి వేశాడని ఫొటోతో, తేదీతో, స్థానంతో సహా ఎక్కడో నమోదవుతుందంటే అది ఆ కౌలు రైతుకు ఆకుమచ్చ తెగులు కన్నా పెద్ద సమస్య. వచ్చే ఏడాది చేను దక్కుతుందా లేదా అన్నది దాని మీద ఆధారపడవచ్చు. అతడు లొకేషన్‌కు 'అనుమతించవద్దు' అని నొక్కితే అది అజ్ఞానం కాదు. ఆ వెంటనే యాప్ మూసుకుపోతే తెగులు సలహా కూడా పోతుంది. సలహాకూ స్థానానికీ ముడి వేసింది మనమే.

ఫోన్ ఎవరిదన్న ప్రశ్న ఒకటుంది. మహిళా రైతుల్లో చాలామంది కొడుకు ఫోన్‌నో భర్త ఫోన్‌నో వాడుతుంటారు. అక్కడ అనుమతి ఇచ్చేది ఒకరు, పంట ఇంకొకరిది.

పొలంలో పరికరాలు పెరుగుతున్నకొద్దీ నెట్‌వర్క్ అనుమతులు మరో రూపంలో ఎదురవుతున్నాయి. ఇక్కడ చిక్కు వేరు: అడగవలసినది అడగకపోవడం కాదు, అడిగినది అర్థం కాకపోవడం. నేలలో తేమను కొలిచే సెన్సర్లలో కొన్ని తమ సొంత వైఫై ద్వారా ఫోన్‌తో మాట్లాడతాయి. చుట్టుపక్కల వైఫై పరికరాలను వెతకాలంటే ఆండ్రాయిడ్ 13కు ముందున్న ఫోన్లలో యాప్ లొకేషన్ అనుమతి అడగక తప్పదు. ఏయే వైఫైలు దగ్గరలో ఉన్నాయో తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో చెప్పవచ్చు గనుక ఆ నియమం. బ్లూటూత్‌తో పనిచేసే పరికరాలకూ ఆండ్రాయిడ్ 12 దాకా ఇదే పరిస్థితి. ఐఫోన్‌లో 2020 నుంచి స్థానిక నెట్‌వర్క్‌లోని పరికరాలను వెతకడానికి వేరుగా అనుమతి అడుగుతారు. 'తేమ చూపించే యంత్రానికి నా ఉనికితో పనేమిటి' అని రైతు అనుమానించడం సహజం. ఈ సందర్భంలో అనుమతి నిరాకరిస్తే నష్టపోయేది ఆయనే. తీరా కలిసిన తర్వాత, ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, కొనసాగించాలా అని ఫోన్ అడుగుతుంది. ఇంటర్నెట్ లేదంటే ఏదో లోపమనుకుని రైతు వద్దంటాడు, ఫోన్ మొబైల్ డేటాకు మారిపోతుంది, సెన్సర్ తెగిపోతుంది. ప్రదర్శన క్షేత్రంలో యంత్రం చెడిపోయిందని వదిలేసిన సందర్భాల్లో కొన్నింటికి కారణం ఈ ఒక్క 'వద్దు' అని నా అనుభవం. అన్నింటికీ సరే అనమని చెప్పడం ఎంత తప్పో, అన్నింటికీ వద్దనమని భయపెట్టడం అంత తప్పు. ఏ పెట్టె ఏ పనికోసం వచ్చిందో చెప్పగల జ్ఞానం విస్తరణ పాఠ్యాంశాల్లోకి రావాలి. పురుగుమందు డబ్బా మీది రంగు త్రికోణాన్ని చదవడం నేర్పిస్తున్నాం కదా, ఇదీ అటువంటిదే.

చట్టం ఎక్కడిదాకా తోడు వస్తుంది? డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి రావాలి. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలని ఆరో సెక్షన్ చెబుతున్నది. అందులోని ఉదాహరణ వ్యవసాయ యాప్‌లకు అతికినట్టు సరిపోతుంది: వైద్య సలహా యాప్ కాంటాక్టుల జాబితాను కూడా అడిగింది, వాడుకదారు రెండింటికీ ఒప్పుకున్నది, అయినా వైద్య సలహాకు కాంటాక్టులు అవసరం లేదు కాబట్టి ఆ ఒప్పుదల సలహా వరకే చెల్లుతుంది. నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించాలని కూడా చట్టం అంటున్నది, ఎనిమిదో షెడ్యూలు భాషల్లో తెలుగు ఒకటి గనుక. ఇదే చట్టం ఏడో సెక్షన్ రాయితీలు, ప్రయోజనాలు అందించే ప్రభుత్వ సంస్థలకు కొన్ని పరిస్థితుల్లో విడిగా సమ్మతి అడగనవసరం లేకుండా వెసులుబాటు ఇచ్చింది. రాయితీకి అది తగినదే కావచ్చు. విశ్వవిద్యాలయం ఇచ్చే సస్యరక్షణ సలహాను ఆ గొడుగు కిందికి లాగే ప్రయత్నం జరగకూడదని కోరుకుంటున్నాను. 2025-26లో సీసీఐకి పత్తి అమ్మదలచిన రైతు కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై స్లాట్ తీసుకోవలసి వచ్చింది. అటువంటి చోట కాదనే స్వేచ్ఛ రైతుకు ఎలాగూ తక్కువ. ఆ స్వేచ్ఛ నిజంగా ఉండగలిగిన చోటు సలహా యాప్. దాన్నయినా కాపాడుకోవాలి.

అందుకు పెద్ద సాంకేతికత అక్కరలేదు. తెగులు ఫొటో తీయడం ఒక పని, దాన్ని పంపడం మరొక పని. రెంటి మధ్య 'పంపించు' అన్న మీట ఒకటుండాలి. దాని పైన ఎవరికి పంపుతున్నదీ, స్థానం జతచేస్తున్నదీ లేనిదీ ఒక్క తెలుగు వాక్యంలో ఉండాలి. సిగ్నల్ అందని చేనుల్లో ఎలాగూ ఫొటోను ఫోన్‌లో దాచి ఇంటికి వచ్చాక పంపే ఏర్పాటు అవసరమే. అదే ఏర్పాటు రైతుకు ఆలోచించుకునే వ్యవధిని కూడా ఇస్తుంది. మోతాదులు, పిచికారీ వేళలు, రకాల వివరాల వంటివి ఒకసారి దించుకున్నాక నెట్‌వర్క్ లేకుండానే తెరుచుకోవాలి. ఇప్పుడున్న యాప్‌ల విషయంలో సైతం ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్ బ్యాక్‌గ్రౌండ్ డేటాను ఆపుకోవచ్చు. యాప్ తెరిచి ఉన్నప్పుడు జరిగే ప్రసారం దీనితో ఆగదు. వెనుక జరిగేది ఆగుతుంది, డేటా ఖర్చూ కొంత తగ్గుతుంది. ఈ సంగతి రైతుకు చూపించడానికి రెండు నిమిషాలు పట్టదు.

కష్టమైనది మన కొలమానాన్ని మార్చుకోవడం. ఎన్ని ఫోన్లలో యాప్ ఎక్కించామన్నదే సాంకేతికత స్వీకరణకు గుర్తుగా మన వార్షిక నివేదికల్లోనూ, పీజీ విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల్లోనూ చెలామణి అవుతున్నది. ఆ లెక్క కోసమే విద్యార్థి రైతు చేతిలోని ఫోన్ లాక్కుని తానే నొక్కుతున్నాడు. ఎందరు నిరాకరించారు, దేనిని నిరాకరించారు, ఎందుకు అన్న ప్రశ్నలకు మన ప్రశ్నావళుల్లో గడి లేదు. విస్తరణ విభాగంలో పరిశోధన అంశం కోసం వెతుకుతున్న విద్యార్థులకు ఇంతకన్నా చేతికందే అంశం నాకు కనిపించడం లేదు.

వచ్చే కార్యక్రమానికి విద్యార్థుల రికార్డు పుస్తకంలో ఒక పేజీ అదనంగా చేర్చాలని మా విభాగంలో ప్రతిపాదించాను. ఫోన్ రైతు చేతిలోనే ఉండాలి. ప్రతి పెట్టెనూ విద్యార్థి చదివి వినిపించాలి. పెట్టె అడగని విషయాన్ని, అంటే సమాచారం ఎక్కడికి వెళుతుందన్నదాన్ని, ముందే కనుక్కుని చెప్పాలి. కనుక్కోలేకపోతే ఆ యాప్‌ను ఎక్కించకూడదు. రైతు ఏది వద్దన్నదీ, ఏ కారణం చెప్పినదీ ఆయన మాటల్లోనే రాయాలి. వద్దన్న రైతుల సంఖ్యకు మార్కులు తగ్గించకూడదన్న వాక్యం మీదే చర్చ ఎక్కువసేపు సాగింది. ఆ వాక్యం ఇంకా ఆమోదం పొందలేదు.