గన్నవరానికి హోదా చాలదు

గన్నవరం విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా దక్కింది. 2018 డిసెంబరులో సింగపూర్‌కు మొదలైన సర్వీసు, ఖాళీ సీట్ల నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరించినా, 2019లో ఆగిపోయింది. బిడ్డలను విదేశాలకు పంపని ఊరు కృష్ణా డెల్టాలో అరుదు. అయినా వారిని చూడబోయే తల్లిదండ్రుల్లో చాలామంది విజయవాడ బెంజ్ సర్కిల్‌లో పెట్టెలతో రాత్రి బస్సెక్కి, ఐదారు గంటలు కూర్చుని శంషాబాద్ చేరాకే విమానం ఎక్కుతున్నారు. పెద్ద వయసులో ఇది శిక్షే. రన్‌వే విస్తరణకు పొలాలిచ్చిన రైతులు ఇందుకోసం ఇవ్వలేదు. 2024 నుంచి పౌర విమానయాన శాఖ తెలుగు మంత్రి చేతిలోనే ఉంది. గల్ఫ్‌కు, ఆగ్నేయాసియాకు నిలకడగా నడిచే సర్వీసులు, ఢిల్లీ, ముంబయిలలో వేళకు అందే కనెక్షన్లు, బెంజ్ సర్కిల్ నుంచి విమాన వేళలకు తగ్గ సిటీ బస్సులు కావాలి. ఆలస్యం ఇక తగదు.