పాట పూర్తి కానివ్వండి

టీనేజీ పిల్లలున్న ఇళ్లలో ఈ దృశ్యం కొత్తేం కాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను, చూపు మాత్రం ఎక్కడో ఉంటుంది. రెండుసార్లు పిలిచినా పలుకు ఉండదు. ‘చదువు మానేసి పాటలు వింటూ కూర్చున్నావా?’ అని విసుక్కుంటాం. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ పిల్ల పాటలు వింటోందా, పాటలు మారుస్తోందా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మనసుకు మాత్రం రెండూ వేర్వేరు.

తనకిష్టమైన బ్యాండు ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరుసగా వింటోందనుకోండి. అది బీటీఎస్ కావచ్చు, కోల్డ్‌ప్లే కావచ్చు, వాళ్ల నాన్న కాలేజీ రోజుల్లో విన్న పింక్ ఫ్లాయిడ్ కావచ్చు. ఆ ముప్పావుగంట ఆమెను కదిలించకండి. రోజు మొత్తమ్మీద ఒకే విషయం మీద మనసు నిలిపిన సమయం బహుశా అదొక్కటే. అలాకాకుండా అరనిమిషానికోసారి బొటనవేలు తెర మీదికి పోతోందంటే కాస్త ఆలోచించాల్సిందే. పిల్లల గురించే కాదు, మన గురించి కూడా. సాయంత్రం టీవీ ముందు రిమోట్ పట్టుకుని మనం చేసేదీ ఇంచుమించు అదే కదా!

ఈ అలవాటు ఎంతగా పాకిందో 2014లోనే ఒక లెక్క బయటపెట్టింది. సంగీత సమాచారాన్ని విశ్లేషించే పాల్ లామెర్ స్పాటిఫై శ్రోతల తీరును పరిశీలించారు. దాదాపు ప్రతి నాలుగు పాటల్లో ఒకటి మొదటి 5 సెకన్లలోనే మారిపోతోంది. సుమారు సగం పాటలు చివరిదాకా చేరడమే లేదు. పాటలు కట్టేవాళ్లు దీన్ని గమనించకుండా ఉంటారా? 1980ల మధ్యలో అమెరికన్ హిట్ పాటల్లో గొంతు వినపడే ముందు సగటున 20 సెకన్లకు పైగా వాద్యాలే మోగేవి. 2015 నాటికి అది 5 సెకన్లకు పడిపోయిందని అక్కడి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధనలో తేలింది. స్పాటిఫైలోనైతే పాట 30 సెకన్లు మోగితేనే ఒకసారి విన్నట్టు లెక్క. ఇక నింపాదిగా మొదలయ్యే పాటకు చోటెక్కడ? ఇళయరాజా పాటల్లో పల్లవికి ముందొచ్చే వాద్యాల కోసమే క్యాసెట్ వెనక్కి తిప్పుకుని విన్న తరం మనది. ఆ ఎదురుచూపే సగం రుచి.

అలాగని మనకు ఓపిక ఎక్కువ, ఈ తరానికి తక్కువ అనుకోనక్కర్లేదు. క్యాసెట్‌ను ముందుకు తిప్పితే ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. ఒక్కోసారి టేపు చిక్కుకుపోయి, పెన్సిలు పెట్టి చుట్టాల్సి వచ్చేది. ఆ తంటా పడేకంటే నచ్చని పాట వినేయడమే తేలిక. అది మన గుణం కాదు, యంత్రం పెట్టిన నియమం. ఇప్పుడు యంత్రం ఆ నియమం ఎత్తేసింది కాబట్టి, కావాలంటే మనమే పెట్టుకోవాలి.

ఎందుకు పెట్టుకోవాలో తెలియాలంటే ఒక్క ఆల్బమ్ చూద్దాం. పింక్ ఫ్లాయిడ్ 1973లో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ నిడివి సుమారు 43 నిమిషాలు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. పరుగెత్తే కాలం, డబ్బు, మతి చలించడం, చావు... నడివయసులో మనం డాక్టరు దగ్గరికి మోసుకెళ్లే దిగుళ్లలో చాలావరకు అందులో ఉన్నాయి. పాటలు ఒకదాంట్లోకి ఒకటి జారిపోతుంటాయి. రికార్డు మొదటి వైపు చివర్లో క్లేర్ టోరీ అనే గాయని మాటల్లేకుండా గొంతెత్తి పాడిన పాట ఒకటుంది. విడిగా వింటే ‘ఈ కేకలేంటి?’ అని మార్చేయాలనిపిస్తుంది. దాని ముందు కాలం గురించిన పాట విని వచ్చామంటే, ఆ గొంతు దేనికోసం అంతలా కొట్టుకుంటోందో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రికార్డు తిరగేస్తే మొదట వినిపించేది నాణేల గలగల, గల్లాపెట్టె చప్పుడు. చావు పాట అవగానే డబ్బు పాట! ఆ వెక్కిరింత వరుసలో వింటేనే తెలుస్తుంది. షఫుల్‌లో పెడితే మాయమైపోతుంది. 2021లో గాయని అడేల్ కోరిన మీదట స్పాటిఫై ఆల్బమ్ పేజీల్లో షఫుల్‌ను ముందు వరస నుంచి తప్పించి, వరుసగా మోగే ఏర్పాటు చేసింది ఇందుకే.

వరుస విలువ మనకు ఒకరు నేర్పాల్సింది కాదు. తిరువయ్యారు ఆరాధనలో త్యాగరాజ పంచరత్నాలను నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ... ఈ క్రమంలోనే పాడతారు. గౌళ వదిలేసి ఆరభికి పోదామని ఎవరూ అనరు. కచేరీలో తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉన్నారు. స్కిప్ బటన్‌కు మూలపురుషులు వాళ్లే!

ఇక ఆరోగ్యం సంగతి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో కొందరికి విలియం బాయిస్ అనే 18వ శతాబ్దపు స్వరకర్త సింఫనీలు వినిపిస్తూ ఎమ్మారై స్కానర్‌తో మెదడును గమనించారు. మెదడు చురుకుదనం బాగా పెరిగింది సంగీతం జోరుగా సాగుతున్నప్పుడు కాదు. ఒక భాగం ముగిసి ఇంకోటి మొదలయ్యే ఆ కాసేపట్లో, దాదాపు ఏమీ వినపడని చోట. ఇప్పటిదాకా విన్నదాన్ని సర్దుకుని, రాబోయేదానికి మెదడు సిద్ధపడేది అక్కడే. ఇటలీలో లూచియానో బెర్నార్డి బృందం 2006లో చేసిన అధ్యయనంలో ఇంకో విశేషం బయటపడింది. రకరకాల సంగీతం వినిపిస్తూ మధ్యలో 2 నిమిషాల నిశ్శబ్దం పెడితే, గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలవక ముందున్న స్థాయి కంటే కూడా తగ్గాయి. పాట సగంలో తెంచేసి ఇంకోటి పెట్టే చెవికి ఈ విరామం దొరకదు. ఒక ముగింపూ రాదు, ఒక ఊపిరి తీసుకునే జాగా ఉండదు.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ బృందం 2011లో చూసింది మరోటి. ఒళ్లు గగుర్పొడిచేంత ఇష్టమైన సంగీతం వింటే మెదడులో డోపమైన్ విడుదలవుతుంది. అయితే ఆ ఘట్టం వచ్చినప్పుడే కాదు, అది రాబోతోందని ఎదురుచూస్తున్నప్పుడు కూడా, మెదడులోని ఇంకో చోట. చరణం వినకుండా నేరుగా పల్లవికి దూకేవాళ్లు ఈ రెండింట్లో మొదటిదాన్ని తామే పోగొట్టుకుంటున్నారు.

ఇంట్లో పక్షవాతం నుంచి కోలుకుంటున్న పెద్దవాళ్లు ఉంటే ఇది కూడా చెప్పాలి. హెల్సింకీలో 2008లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు కనీసం గంటసేపు తమకిష్టమైన పాటలు 2 నెలలు విన్న రోగుల్లో మాటల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మిగతావారి కంటే మెరుగయ్యాయి. మందులు, ఫిజియోథెరపీలతో పాటుగానే సుమండీ, వాటికి బదులుగా కాదు. తాతయ్యకు ఘంటసాల పాటలు పెట్టి, రెండోది రాగానే ‘బోర్ కొడుతోంది’ అంటూ మనవడు మార్చేస్తే మాత్రం ఏం ప్రయోజనం?

ఇవేవీ స్కిప్ చేస్తే జబ్బు చేస్తుందని చెప్పవు. నడకలో, వ్యాయామంలో అడుగుల వేగానికి తగ్గ పాట వెతుక్కోండి, తప్పేం లేదు. పాత గాయాన్ని రేపే పాట వస్తే నిరభ్యంతరంగా దాటేయండి. ఒక్కచోట మాత్రం స్కిప్ వద్దే వద్దు: బండి నడుపుతున్నప్పుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 2 సెకన్లు ఫోన్ చూస్తే, బండి దాదాపు 33 మీటర్లు మనం చూడకుండానే పోయినట్టు. నచ్చని పాటకు అంత ఖరీదు కట్టాలా? బయల్దేరే ముందే ఒక ఆల్బమ్ పెట్టేసి ఫోన్ పక్కన పడేయండి. విజయవాడ నుంచి హైదరాబాద్ చేరేలోపు ఐదారు ఆల్బమ్‌లు హాయిగా అయిపోతాయి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో కొస ఉంది. ఒకే దిగులు పాటను రోజుల తరబడి తిప్పితిప్పి వింటూ, తిండి తగ్గించి, నిద్ర మాని, స్నేహితులకు దూరమవుతున్న పిల్లలు. అక్కడ సమస్య పాట కాదు. ఫోన్ లాక్కుంటే ఉన్న ఒక్క తోడూ పోతుంది. పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి. రెండు వారాలైనా తేరుకోకపోతే మానసిక వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

చెవుల విషయంలోనూ ఓ జాగ్రత్త. పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని, పిల్లలు 75 డెసిబెల్స్‌ను వారానికి 40 గంటలకు మించి వినకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తరిగిపోతాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లకు మన మామూలు మాట వినపడటం లేదంటే, ముందు తగ్గించాల్సింది వాల్యూమ్. మన గొంతు పెంచడం తర్వాత.

అసలు ఇయర్‌ఫోన్లే లేకుండా వారానికి ఒక ఆల్బమ్ ఇంటిల్లిపాదీ వింటే ఎలా ఉంటుంది? ఆదివారం సాయంత్రం హాల్లో స్పీకరు పెట్టి, మోగే ఫోన్‌ను కూడా గూట్లో పెట్టేయండి. చేతికి పని కావాలంటే చిక్కుడుకాయలు ఒలుచుకోండి, బట్టలు మడతపెట్టుకోండి. నాలుగో పాట దగ్గర అందరి చేతులూ ఫోన్ కోసం తడుముకుంటాయి. సాధారణంగా కాస్త బలహీనమైన పాట అక్కడే ఉంటుంది మరి. ఉండనివ్వండి. ఒకే విషయం మళ్లీమళ్లీ ఎదురైతే దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయెన్స్ 1968లోనే చూపించారు. మూడోసారి విన్నప్పుడు ఆ నాలుగో పాటే ఎవరో ఒకరి నోట కూనిరాగమవుతుంది. మొదటి వారం ఆల్బమ్ పిల్లల్నే ఎంచనివ్వండి, కొరియన్ భాషదైనా సరే. మీ వంతు పై ఆదివారం.