వెనుక సీటు లెక్క

మన ఇళ్ళ ముందు పెద్ద మోటారుసైకిళ్ళు కనిపించడం ఈ మధ్య మామూలైపోయింది. ఒకప్పుడు వంద సి.సి. బండితో సరిపెట్టుకున్న ఇంట్లో, కుమారుడు ఉద్యోగంలో చేరిన ఏడాదికే అంతకు రెట్టింపు, మూడు రెట్లు శక్తి గల బండి వచ్చి నిలుస్తున్నది. వీటిలో ‘స్పోర్ట్ టూరర్’ అనే తరగతి ఒకటి ఉంది. పందెపు బండికి ఉండే చురుకుదనాన్నీ, దూర ప్రయాణపు బండికి ఉండే సౌకర్యాన్నీ ఒకే చోట కలపాలన్న ఆలోచనతో తయారైన తరగతి ఇది. మన దేశంలో 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా, 2016 చివరలో వచ్చిన బజాజ్ డొమినార్ 400 ఈ కోవకు చెందినవిగా పేరు పొందాయి. డొమినార్ ఇంజను 373.3 సి.సి.; ట్యాంకులో 13 లీటర్ల పెట్రోలు పడుతుంది. ఒక్కసారి నింపితే హైదరాబాదు నుంచి కర్నూలు దాకా మధ్యలో ఆగకుండా వెళ్ళిపోవచ్చు.

అయితే కుటుంబంలోకి వచ్చిన ఇటువంటి బండి తన జీవితంలో ఎక్కువ భాగం జాతీయ రహదారి మీద గడపదు. ఉదయం ఆఫీసుకు, సాయంత్రం బజారుకు, నెలకోసారి తల్లిని ఆసుపత్రికి, పండుగకు భార్యను పుట్టింటికి తీసుకుపోవడంలోనే దాని రోజులు గడుస్తాయి. బండిని ఎంచుకునేదీ, దాని మీద ఖర్చు పెట్టేదీ ముందు కూర్చునే మనిషి. దాని మంచిచెడ్డలను అనుభవించడంలో మాత్రం వెనుక కూర్చునే మనిషికి సమాన భాగం ఉంటుంది. కాబట్టి బండికి చేయించే ప్రతి మరమ్మతుకూ, తగిలించే ప్రతి కొత్త హంగుకూ ఒకే ప్రశ్న కొలబద్ద కావాలని మేము అభిప్రాయపడుతున్నాము: వెనుక కూర్చునే వారికి ఇది మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

ముందుగా ఊడిపోయే వస్తువు

పెద్ద బండి కొన్న యువకులలో చాలామంది మొదట చేసే పని ఒకటుంది. వెనుక చక్రానికి ఎడమ పక్కన ఉండే సారీ గార్డును ఊడదీయించడం. అది ఉంటే బండికి అందం తగ్గుతుందట! ఈ రక్షణ తయారీదారు దయతలచి పెట్టినది కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 123వ నిబంధన దాన్ని తప్పనిసరి చేసింది. వెనుక కూర్చునేవారికి పట్టుకునేందుకు పిడి, కాళ్ళు పెట్టుకునేందుకు ఆనిక, వారి దుస్తులు చక్రంలో చిక్కుకోకుండా వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలని ఆ నిబంధన చెబుతున్నది.

దీని అవసరం మన ఇళ్ళలోని స్త్రీలకు ఎవరూ వివరించనక్కరలేదు. చీర కొంగు, దుపట్టా అంచు, బుర్ఖా కింది ఘేరా గాలికి ఎగిరితే ముందుగా చేరేది వెనుక చక్రం దగ్గరికే. ఎడమ పక్కన చైను, పళ్ళ చక్రం ఉంటాయి. బట్ట ఒక్క అంచు అందులో పడితే చాలు, కన్ను మూసి తెరిచేలోగా మొత్తం లోపలికి లాగేస్తుంది. దానితో పాటు మనిషిని కూడా. దుపట్టా మెడకు చుట్టుకుని ఉంటే ఏమవుతుందో వర్ణించడం మాకు ఇష్టం లేదు. కుడి పక్కన వేడెక్కిన సైలెన్సరు ఉంటుంది. పాలియెస్టర్ వంటి బట్ట దానికి తగిలితే కరిగి అంటుకుపోతుంది.

అందుచేత సారీ గార్డు ఊడి ఉన్న బండిని కొన్నా, వారసత్వంగా తెచ్చుకున్నా ముందుగా దాన్ని తిరిగి పెట్టించండి. దుపట్టా చివరలను ముందుకు తెచ్చి ముడివేసుకోవడం, బుర్ఖా అంచును మోకాళ్ళ కింద సర్దుకోవడం, ఎక్కిన తరువాత ‘సర్దుకున్నాను’ అని నోటితో చెప్పేదాకా బండిని కదిలించకపోవడం ప్రతి ఇంటా అలవాటు కావాలి. ఈ బండ్ల వెనుక సీటు ఎత్తుగా, ఇరుకుగా ఉంటుంది గనుక ఒక పక్కకు కాళ్ళు వేసి కూర్చోవడం కంటే రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడమే క్షేమం.

బరువు పెరిగినప్పుడు బండి మారుతుంది

ఒంటరిగా నడిపే బండి, మరొకరు ఎక్కిన బండి చూడడానికి ఒకటే అయినా ప్రవర్తనలో రెండు వేర్వేరు బండ్లు. వెనుక అరవై కిలోల మనిషి కూర్చుంటే వెనుక స్ప్రింగు కుంగుతుంది. ముందు చక్రం మీద భారం తగ్గి హ్యాండిలు తేలికవుతుంది. హెడ్‌లైటు కాంతి రోడ్డు మీద పడకుండా ఎదుటివారి కళ్ళలో పడుతుంది. ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది.

దీనికి పరిష్కారం బండిలోనే ఉంది. ఈ తరగతి బండ్లలో చాలావాటికి వెనుక షాక్ అబ్జార్బరు బిగువును అంచెలంచెలుగా పెంచుకునే ఏర్పాటు ఉంటుంది. దాన్ని తిప్పడానికి వంకీ తిరిగిన పానా ఒకటి సాధారణంగా టూల్ కిట్‌లోనే దొరుకుతుంది. బండి కొని నాలుగేళ్ళయినా ఆ పానాను బయటికి తీయని ఇళ్ళు ఎన్నో! రోజూ భార్యాభర్తలు కలిసి ప్రయాణించే బండికి ఒకటి రెండు అంచెలు బిగించి ఉంచడం మంచిది. పైసా ఖర్చు లేని పని ఇది. గుంత వచ్చినప్పుడు వెనుకవారి నడుముకు తగిలే దెబ్బలో తేడా మొదటి రోజే తెలుస్తుంది.

టైర్ల గాలి కూడా అంతే. యజమాని పుస్తకంలో ఒంటరి ప్రయాణానికి ఒక కొలత, ఇద్దరి ప్రయాణానికి మరొక కొలత ఇస్తారు. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఉదయం బయలుదేరిన కొద్దిసేపటికే గాలి చూపించాలి. చాలా దూరం నడిచి వేడెక్కిన టైరు ఎక్కువ అంకె చూపిస్తుంది. దాన్ని నమ్మి గాలి తీయిస్తే టైరు మెత్తబడుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెల గుర్తు ఒకటి ఉంటుంది. 2322 అని ఉంటే అది 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. కొత్త టైరు కొనేటప్పుడు ఆ అంకె చూసి తీసుకోండి. దుకాణంలో ఏళ్ళ తరబడి పడి ఉన్న టైరు చూపుకు నల్లగా మెరుస్తూనే ఉంటుంది గాని దాని రబ్బరు గట్టిపడి ఉంటుంది. వానాకాలంలో ఆ సంగతి బయటపడుతుంది.

చైను, బ్రేకు, నీళ్ళు

ఈ బండ్ల చైను స్కూటరు వాడినవారికి కొత్త విషయం. సుమారు ఐదు వందల కిలోమీటర్లకు ఒకసారి దాన్ని శుభ్రం చేసి నూనె వేయాలి. వానలో తడిస్తే ఇంకా ముందుగానే. లింకుల మధ్య సన్నని రబ్బరు రింగులు ఉంటాయి. లోపలి గ్రీజును కాపాడేవి అవే. పెట్రోలుతో కడిగితే ఆ రింగులు పాడవుతాయి. కిరోసిన్ గాని, చైనుల కోసమే అమ్మే ద్రవం గాని వాడి, మెత్తని బ్రష్‌తో తోమి, ఆరిన తరువాత నూనె వేయాలి. ఇంజను నడుస్తూ గేరులో ఉండగా గుడ్డతో చైను తుడవడం కొన్ని షెడ్లలో కనిపిస్తుంది. వేళ్ళు తెగిపోయేది అక్కడే. ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ మాత్రమే ఈ పని చేయాలి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

బ్రేకు ప్యాడ్లు అరగడం కంటికి కనిపిస్తుంది. బ్రేకు ద్రవం పాడవడం కనిపించదు. అది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. తేమ చేరిన ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. శ్రీశైలం ఘాట్ వంటి దిగుడు రోడ్డు మీద, ఇద్దరు మనుషులు, సామాను ఉన్నప్పుడు మాటిమాటికీ బ్రేకు నొక్కుతాము. సరిగ్గా ఆ సమయంలో ద్రవం మరిగి బుడగలు లేస్తే బ్రేకు మెత్తబడి పనిచేయదు. అందుకే బండి తిరిగినా తిరగకపోయినా సాధారణంగా రెండేళ్ళకు ఒకసారి దాన్ని మార్పించాలి. రేడియేటరు ఉన్న బండిలో కూలెంటుకు కూడా గడువు ఉంటుంది. మామూలు కుళాయి నీళ్ళు పోస్తే లోపల పొలుసులు కడుతుంది. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తెరవడం ఎవరికీ తగదు.

ఉస్తాదుతో మాట

వారంటీ ఉన్నంతవరకు కంపెనీ సర్వీసు కేంద్రానికే వెళ్ళడం మేలు. ఆ తరువాత వీధి చివరి ఉస్తాదు దగ్గరికి వెళ్ళినా తప్పు లేదు. ఆయన చేతిలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉండవచ్చు. అయితే రెండు చోట్లా పాటించవలసిన మర్యాద ఒకటే. పనికి ముందే ఏం చేయాలో, ఎంత అవుతుందో రాయించుకోవాలి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోవాలి. అడగడం అనుమానించడం కాదు. నిజాయితీగా పనిచేసే ఉస్తాదు ఆ పాత ముక్కను తానే చేతిలో పెట్టి, ఎక్కడ అరిగిందో చూపిస్తాడు. ఆయన కూలిని బేరమాడి కోయడం కూడా మనకు శోభనివ్వదు. తొందరపెట్టి, సగం కూలి ఇచ్చి చేయించుకున్న బ్రేకు పని మీద మన ఇంటివారి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ఇంట్లో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఇచ్చిన డబ్బు రాయండి. దానితో పాటు కిలోమీటరుకు రూపాయి నుంచి రూపాయిన్నర చొప్పున నెలనెలా పక్కన పెట్టండి. నెలకు ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగే బండికి ఏడాదిలో 9,600 నుంచి 14,400 రూపాయలు పోగవుతాయి. సర్వీసులు, టైర్లు, చైను ఖర్చులో చాలా భాగం అందులోనే గడిచిపోతుంది. ఈ డబ్బు లేకనే ‘వచ్చే నెల చూద్దాం’ అన్న మాట వస్తుంది. అరిగిన టైరు వచ్చే నెల దాకా ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

హంగులు ఎవరి కోసం?

ఇక కొత్త హంగుల విషయం. మా కొలబద్ద ఇక్కడే ఎక్కువగా ఉపయోగపడుతుంది. వీపు ఆనించుకునే దిండు, గట్టి పిడులు, మెత్తని సీటు, గాలిని ఆపే అద్దం, సామాను క్యారియరు వంటివి వెనుకవారి అలసటను తగ్గిస్తాయి. 2021లో డొమినార్‌కు ఇటువంటివి ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మడం మొదలుపెట్టారు. అయితే క్యారియరు మీద బరువు పెంచుకుంటూ పోకూడదు. వెనుక ఇరుసును దాటి వేలాడే ప్రతి కిలో ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. దాని మీద రాసి ఉన్న పరిమితి అలంకారం కోసం కాదు.

అదనపు దీపాలు ఆలోచించి పెట్టించవలసినవి. 55 వాట్ల దీపాలు రెండు బిగిస్తే 12 వోల్టుల బండి మీద దాదాపు తొమ్మిది ఆంపియర్ల భారం పడుతుంది. ఫ్యూజు, రిలే లేకుండా హెడ్‌లైటు తీగకే కలిపేస్తే తీగ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది.

పెద్ద చప్పుడు చేసే సైలెన్సరు వల్ల మాత్రం ఎవరికీ ఏ మేలూ లేదు. ఆ చప్పుడు వెనుక కూర్చున్న మనిషి చెవిలో, వీధిలో నిద్రపోతున్న పసిబిడ్డ చెవిలో, మంచాన పడి ఉన్న వృద్ధుని గుండెలో మోగుతుంది. పొరుగువారి హక్కు గురించి మాట్లాడుకునే మనము మన ఇంటి బండిని మరచిపోవడం తగునా? చట్టం కూడా దీన్ని సహించదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదంటున్నది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను కింద ఇటువంటి ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

అన్నిటికంటే ముందు కొనవలసిన హంగు మరొకటి ఉంది. అది వెనుకవారి హెల్మెట్. కొడుకు తలకు ఐదు వేల రూపాయల హెల్మెట్, అదే బండి మీద తల్లి తలకు రోడ్డు పక్క కొన్న మూడు వందల రూపాయల టోపీ! పడినప్పుడు నేల ఇద్దరికీ ఒకటే కాదా? ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 ప్రమాణం చూసి, హిజాబ్ ధరించే వారైతే దానితోనే పెట్టి చూసి, సరిపోయే కొలతలో కొనండి. తలకు వదులుగా ఉన్న హెల్మెట్ దెబ్బ తగిలే లోపే ఊడిపోతుంది. నాలుగేళ్ళు నిండిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. అంతకంటే చిన్న పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి కలిపి కట్టే రక్షణ పట్టీ, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం ఉండాలని 2022లో కేంద్రం నిబంధన చేసింది. నడిపేవారు కాక ఒక్కరే ఎక్కాలన్నది 128వ సెక్షను. ఇంజనుకు నలుగురిని లాగే శక్తి ఉన్నంత మాత్రాన బండి నలుగురిదీ కాదు.

సోదరులారా, ఈ నెలలో ఒక పని చేయండి. బండి నడపడం బాగా వచ్చిన తమ్ముడినో మిత్రుడినో ముందు కూర్చోబెట్టి, మీ బండి వెనుక సీటులో మీరు ఎక్కి పది కిలోమీటర్లు వెళ్ళి రండి. మీ ఇంటి స్త్రీ కూర్చునే చోటే కూర్చోండి, ఆమె హెల్మెట్ సరిపోతే దాన్నే పెట్టుకోండి. గుంతలు ఎక్కడ తగులుతున్నాయో, పట్టుకోవడానికి ఏముందో, మడమకు ఎంత దగ్గరలో చైను తిరుగుతున్నదో చూసుకోండి. ఇంటికి వచ్చి నోటుపుస్తకం తెరిచి, ఈసారి ఖర్చు చేయవలసిన వాటి జాబితా అప్పుడు రాయండి.