ఆయమ్మని కూడా అడగండి

గుడిబండ వైపు పెద్దవాళ్లకు ఒంట్లో బాగాలేకపోతే మొదట మడకశిర, అక్కడ కాదంటే హిందూపురం పెద్దాసుపత్రి. షుగర్ తగ్గించుకుందామని చేరిన అవ్వ రాత్రి బాత్రూంకి పోతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే? షుగర్ తగ్గుతుంది, నడక పోతుంది. ఇలాంటివి జరిగితే మనవాళ్లు "ఖర్మ" అంటారు, లేదా "నర్సు ఏం చేస్తోంది?" అని అరుస్తారు. నా లెక్కలో రెండూ తప్పే.

ఇది చిన్న విషయం కాదు. ఇల్లు, వీధి, ఆసుపత్రి అన్నీ కలిపి ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 60 దాటినవాళ్లే ఎక్కువ.

ఎవరు పడే అవకాశముందో ముందే చెప్పడానికి మోర్స్ స్కేల్ అని ఒకటుంది. ఇంతకుముందు పడ్డారా, ఇంకో జబ్బుందా, కర్ర పట్టుకుంటారా, సెలైన్ ఎక్కుతోందా, నడక ఎలా ఉంది, తన బలమెంతో తనకు తెలుసా అని ఆరే ప్రశ్నలు. మనకైతే పది లైన్ల కోడ్. కానీ స్కోరు ఎవరినీ చేయి పట్టుకుని నడిపించదు కదా!

ఒక వార్డు ఊహించుకోండి. కొత్త బీపీ మాత్రతో లేవగానే కళ్లు తిరగొచ్చని డాక్టర్‌కి తెలుసు. రాత్రి నాలుగుసార్లు లేచిందని నర్సుకు తెలుసు. బాత్రూం ముందు నేల తడిగా ఉందని ఆయమ్మకి తెలుసు. పోయిన నెల ఇంట్లో కూడా పడిందని కొడుక్కి తెలుసు. నలుగురికీ తలా ఒక ముక్క తెలుసు, మొత్తం ఎవరికీ తెలీదు. అవ్వ పడేది ఆ సందులోనే.

"స్టాఫే లేరు, ఇవన్నీ ఎవరు చేస్తారు?" అంటారు. నిజమే. అందుకే ఉన్నవాళ్లు మాట్లాడుకోవాలి అంటున్నా. డ్యూటీ మారేటప్పుడు మంచం దగ్గరే రెండు నిమిషాలు, ఆయమ్మనీ ఇంటివాళ్లనీ కలుపుకుని. మన ఆసుపత్రుల్లో రోగిని లేపేది, బాత్రూంకి తీసుకెళ్లేది చాలావరకు ఇంటివాళ్లే. కానీ ఎలా లేపాలో వాళ్లకి ఎవరూ చెప్పరు. టిఫిన్‌కి కిందికి పోయేటప్పుడు సిస్టర్‌కి చెప్పి పోవాలని కూడా చెప్పరు.

అమెరికాలో 'ఫాల్ టిప్స్' అనే పద్ధతిలో నర్సు, రోగి, ఇంటివాళ్లు కలిసి ఒక బొమ్మల కాగితం నింపి మంచం దగ్గర పెడతారు. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం 14 వార్డుల్లో పడిపోవడాలు 15 శాతం, దెబ్బ తగిలేలా పడటాలు 34 శాతం తగ్గాయి. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడే మా సరిహద్దు ఊళ్లకి బొమ్మలే మంచిది. చదువు రాకున్నా అర్థమవుతాయి.

ఇంకో మాట. పడినప్పుడల్లా ఒక్క నర్సునే తిడితే, తర్వాతిసారి ఆ సంగతి రిజిస్టర్‌లో ఎక్కదు. బగ్‌ని దాచేస్తే ప్రోగ్రాం బాగుపడుతుందా?

రేపు మనలో ఎవరో దీనికి యాప్ చేద్దామంటారు. చేద్దాం. కానీ ముందు ఒక రాత్రి వార్డులో కూర్చుని, ఎవరు ఎక్కడ జారుతున్నారో ఆయమ్మని అడిగి రండి. కోడ్ తర్వాత రాసుకోవచ్చు.