కవాటం అమర్చారు సరే, పరీక్ష ఎక్కడ?

నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో, ఒక ఆగస్టు రాత్రి, రాప్తాడు మండలంలోని ఒక పల్లె నుండి ఇరవై ఎనిమిదేళ్ల యువతిని ఆటోలో తీసుకువచ్చారు. ఆయాసంతో వెల్లకిలా పడుకోలేని స్థితి. మూడేళ్ల క్రితం ఆమెకు మిట్రల్ కవాటాన్ని తొలగించి కృత్రిమ కవాటం అమర్చారు. స్టెతస్కోపు ఆనించి విన్నాను. అటువంటి గుండెలో స్పష్టంగా వినిపించవలసిన 'టిక్కు'మనే శబ్దం లేదు. కవాటపు పలక చుట్టూ రక్తం గడ్డకట్టి, అది కదలడం దాదాపు మానివేసింది.

మాత్రలు మానివేశారా అని అడిగితే భర్త చెప్పిన మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం: "మానలేదు సార్. దినామూ మింగుతాంది. రక్తం పరీక్షకు పోవల్లంటే ఇద్దరి కూలీ పోతాది. ఉగాదికి చేయించినాం, మళ్లా పోలేదు." ఏమి తింటున్నారని అడిగాను. ఆ ఏడు జూలైలో మంచి వానలు పడ్డాయి. చేనిగట్లమీద మొలిచిన చెంచలాకు, పెరట్లోని తోటకూర నెల రోజులుగా రెండు పూటలా సంగటిలోకి అదే.

వైద్యులకు విషయం ఇక్కడే అర్థమవుతుంది. మీకోసం కొంత వివరిస్తాను. లోహపు కవాటం అమర్చిన రోగి రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ గానీ ఆ కోవకు చెందిన మరొక మందు గానీ వాడాలి. ఈ మందు శరీరంలో విటమిన్ 'కె' చేసే పనిని అడ్డుకుంటుంది. ఆకుకూరలలో ఆ విటమిన్ సమృద్ధిగా ఉంటుంది. ఎండాకాలంలో పచ్చని ఆకు కంటపడని రోజులలో నిర్ణయించిన మోతాదు, వాన పడి ఆకుకూరలు పెరిగిన నెలలో చాలదు. అంటే మాత్ర మారలేదు, ఋతువు మారింది. మందు ఎంత పనిచేస్తున్నదో చెప్పేది ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష. మిట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉన్నవారికి అది సాధారణంగా 2.5 నుండి 3.5 మధ్య ఉండాలి. ఆ రాత్రి ఆమెకు 1.3 ఉంది. పెద్ద ఆసుపత్రికి పంపగా, గడ్డను కరిగించే మందుతో అదృష్టవశాత్తూ బ్రతికింది.

క్లిష్టమైన పరిస్థితులకు తగినట్లు గుండె కవాటాలను, వాటిని అమర్చే సాధనాలను మలచడం గురించి నేడు చాలా చర్చ జరుగుతున్నది. చర్చ అవసరమే. అయితే 'క్లిష్ట పరిస్థితి' అనగానే ఇంజనీర్ల దృష్టి శస్త్రచికిత్స గది మీదనే నిలుస్తున్నదని నా అభిప్రాయం. రోగి ఆ గదిలో గడిపేది కొన్ని గంటలు. కవాటంతో గడిపేది ముప్పై, నలభై ఏళ్లు.

ఈ విషయంలో మన దేశానికి గర్వించదగిన చరిత్ర ఉన్నది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో, దిగుమతి కవాటాలు కొనలేని రోగుల కోసం స్వదేశీ కవాటం రూపొందించే ప్రయత్నం 1970ల చివరలో మొదలైంది. తొలి నమూనాలు విఫలమయ్యాయి. ఒకదానిలో లోహపు కడ్డీ విరిగింది. మరొకదానిలో నీలమణి వంటి గట్టి పలక తాకిడికి లోహం అరిగింది. చివరకు వారు గట్టి పదార్థాన్ని విడిచి, కృత్రిమ తుంటి కీళ్లలో వాడే ప్లాస్టిక్‌తో పలకను, కోబాల్ట్ మిశ్రమలోహంతో చట్రాన్ని చేశారు. గుండె ఏడాదికి సుమారు 3.6 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ ఆ పలక తెరుచుకుని మూసుకోవాలి. 1990 డిసెంబరు 6న ఆ కవాటాన్ని తొలిసారి మనిషికి అమర్చారు. నాటి నుండి లక్షకు పైగా అమర్చారు.

మరొక ఉదాహరణ ఫ్రాన్సుది. ఛాతీ కోయకుండా, రక్తనాళం ద్వారా బృహద్ధమని కవాటాన్ని అమర్చే పద్ధతిని 2002లో తొలిసారి మనిషిపై ప్రయోగించిన అలేన్ క్రిబియే పేరు మీరు విని ఉండవచ్చు. అంతకు ముందే, 1990లలో, ఆయన మరొక సాధనాన్ని రూపొందించాడు. కీళ్లవాత జ్వరం వల్ల మూసుకుపోయిన మిట్రల్ కవాటాన్ని తెరవడానికి వాడే బెలూన్‌కు బదులు లోహపు సాధనం. శుభ్రపరచి, ఆవిరిలో మరిగించి, మళ్లీ మళ్లీ వాడవచ్చు. బీద దేశాల కోసమే దానిని తలపెట్టాడు. వృద్ధుల కోసం చేసిన కవాటం ప్రపంచమంతా వ్యాపించింది. బీదల కోసం చేసిన సాధనం వాడుకలో నిలదొక్కుకోలేదు. ఒకే మనిషి, ఒకే మేధస్సు, కొనుగోలుదారులు వేరు.

ఈ కొత్త కవాటాలు మన ఊళ్ల రోగులకు అంతగా అక్కరకు రాకపోవడానికి వైద్యపరమైన కారణం కూడా ఉన్నది. అవి సున్నం పేరుకుని గట్టిపడిన వృద్ధుల కవాటాన్ని పట్టుకుని నిలిచేటట్లు రూపొందాయి. చిన్నతనంలో కీళ్లవాత జ్వరం సోకి, యౌవనంలోనే కవాటం చెడిన మన రోగులలో ఆ పట్టు తరచుగా దొరకదు. పైగా అవి జంతుకణజాలంతో చేసినవి. పడుచువారిలో త్వరగా పాడవుతాయి. కాబట్టి లోహపు కవాటం, దానితోపాటు మాత్ర, పరీక్ష మనకు ఇంకా చాలాకాలం తప్పవు.

అనంతపురం ప్రాంతానికి శస్త్రచికిత్స అందని ద్రాక్ష కాదు. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నది. ఆరోగ్యశ్రీ 2007లో తొలుత మొదలైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. లక్షల రూపాయల ఆపరేషన్ ఉచితంగా లభించే చోట, కొన్ని వందల రూపాయల పరీక్ష కోసం దినకూలి వదులుకోవలసి రావడం నాకు ఎన్నటికీ మింగుడుపడలేదు.

వేలికొనపై చిన్న గాటుతో, ఒక్క రక్తపుబొట్టుతో, నిమిషంలో ఐ.ఎన్.ఆర్. చెప్పే చేతి యంత్రాలు ఉన్నాయి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకటి ఉంచాలని నా వాదన. అయితే ఆ యంత్రాన్ని కూడా మన నేలకు తగినట్లు ఆలోచించి వాడాలి. దాని పట్టీలను సాధారణంగా 30 డిగ్రీలకు మించని చోట భద్రపరచాలి. మే నెలలో రాప్తాడులో నీడపట్టున కూడా అది అసాధ్యం. టీకాల ఫ్రిజ్‌లో వేరే వస్తువులు పెట్టరాదని నియమం, అది మంచి నియమమే. కనుక చిన్న ఫ్రిజ్ మరొకటి కావాలి. తీవ్రమైన రక్తహీనత ఉన్నవారిలో ఈ యంత్రపు ఫలితాన్ని నమ్మరాదు. మన కూలి తల్లులలో రక్తహీనత సామాన్యం. అటువంటివారికి సూదితో రక్తం తీసే పాత పరీక్షే చేయాలి.

మీ ఇంట కవాటం మార్పించుకున్నవారు ఉంటే మూడు విషయాలు చెబుతాను. ఆకుకూరలు మానవద్దు, ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే మోతాదులో తినండి. వాన తరువాత ఆకు ఎక్కువ తినే రోజులలో, వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చినప్పుడు, ఏదైనా కొత్త మందు మొదలుపెట్టినప్పుడు వారంలోగా పరీక్ష చేయించండి. మోకాళ్ల నొప్పికి ఊరి ఆర్.ఎం.పి. వేసే సూదిమందు వేయించుకోవద్దు; కండలో రక్తం చేరి గడ్డ కట్టగలదు, నొప్పి మందు కడుపులో రక్తస్రావం కలిగించగలదు. పెళ్లికావలసిన ఆడపిల్ల అయితే, గర్భం దాల్చక ముందే వైద్యునితో మాట్లాడాలి. ఈ మాత్ర కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు. ఆ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పవలసిన బాధ్యత మా వైద్యులది. మాలో చాలామంది చెప్పలేదు.

ఆ యువతి తరువాత రెండేళ్లు నా వద్దకు వచ్చింది. పరీక్ష రోజు కూలి పోకుండా ఉండాలని, అనంతపురం సంతకు కూరగాయలు తెచ్చే ఆదివారం నాడే రక్తం తీసే ఏర్పాటు చేశాను. నేను విరమణ చేసిన తరువాత ఆదివారం ల్యాబు మూసివేశారు.