ట్రేసు

దిండు గలీబుల మీద నెమళ్లు కుట్టినవాళ్లకి ట్రేసు అనే మాట కొత్తది కాదు. గుడ్డ మీద కార్బన్ కాగితం, దాని మీద బొమ్మ, ఆపైన పెన్సిలు. తర్వాత బి.ఏ.లో తెలిసింది, వదిలివెళ్లిన గుర్తూ ట్రేసే, ఆ గుర్తు పట్టుకుని వెతుక్కుంటూ పోవడమూ ట్రేసేనని. మన జాడ లాంటిదే అనుకోండి. ఇంతవరకూ నాకు పేచీ లేదు. పేచీ అంతా ఇంకో అర్థంతో. లెక్కలోకి రానంత కొంచెం, అని!

మాది గోపాలపట్నం. 2020 మే 7 తెల్లవారుజామున మా పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురంలో, లాక్‌డౌన్‌లో ట్యాంకులో నిలవున్న స్టైరీన్ వేడెక్కి ఆవిరై బయటపడింది. గాలికంటే బరువు కదా, నేలబారున పాకి నిద్రపోతున్నవాళ్ల మీదికి వచ్చింది. పన్నెండుమంది పోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. పశువులు పడిపోయాయి, చెట్ల ఆకులు మాడిపోయాయి.

మా పక్కింటి పిన్నిగారికి అప్పటినుంచీ మెట్లెక్కితే ఆయాసం. కొన్ని నెలలకి పరీక్ష చేయించుకుంటే, "ట్రేసు కూడా లేదమ్మా, వయసు" అన్నారట డాక్టరు. ఆడవాళ్ల ఆయాసానికి వయసు అని పేరు పెట్టడం మనకి కొత్తా?

అసలు ట్రేసు ఎందుకుంటుందండీ? శరీరం స్టైరీన్‌ని చాలామటుకు మాండలిక్ ఆసిడ్‌గా మార్చి, కొద్దిరోజుల్లోనే మూత్రంలో పంపేస్తుంది. దొంగ వెళ్లిపోయాక ఇల్లంతా చూసి, దొంగ లేడు కనక దొంగతనమే జరగలేదంటే ఒప్పుకుంటామా? పిన్నిగారి ఆయాసం ఆ ఆవిరివల్లేనని నేను తీర్పు చెప్పడం లేదు. కాదని తీర్పు చెప్పేసినవాళ్లతోనే నా పోట్లాట. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లోనే స్టైరీన్‌ని మనుషులకి క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటిలో చేర్చింది. ఆ జబ్బు బయటపడడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

విడ్డూరం చూడండి. ఆ నెలల్లోనే కరోనాకి కాంటాక్ట్ ట్రేసింగు చేశారు. ఎవరితో మాట్లాడారు, ఏ కొట్టుకెళ్లారు, అన్నీ రాసుకున్నారు. అంటే చెయ్యదలుచుకుంటే చెయ్యగలరన్నమాట! ఆ రాత్రి ఆ గాలి పీల్చిన ప్రతివాళ్ల పేరూ అలాగే రాసుకుని, ఏడాదికోసారి ఊపిరితిత్తులు, లివరు, నెత్తురు చూడమంటున్నాను. ఒక ఏడాది కాదు, ఇరవయ్యేళ్లు. పిన్నిగారి గుమ్మం తొక్కి అలా అడిగినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

మొన్న ఆవిడే ఓ నోటుబుక్కు తెప్పించుకున్నారు. ఏ రోజు ఎన్ని మెట్లెక్కి ఆగిందీ తారీఖు వేసి రాసుకుంటున్నారు. నిన్నటిది తొమ్మిది.