యంత్రం ఎవరి దూత?

రాజనీతిని బోధించిన మన పూర్వులు దూతకు కొన్ని లక్షణాలను నిర్దేశించారు. దూత చూసినదాన్ని చూసినట్లే చెప్పాలి. అవసరమైనంత మేరకే పలకాలి. ఎవరి పక్షాన వచ్చాడో వారి మేలు మరువరాదు. అప్పగించిన పని ముగిసేవరకు నమ్మకంగా నిలవాలి. మహాభారతంలోని రాయబారాలను, నలదమయంతుల కథలోని హంసను ఎరిగిన మనకు ఇది కొత్త సంగతి కాదు. అయితే నేడు దూతకృత్యం మనుషులతో ఆగిపోలేదు. యంత్రాలు కూడా దాన్ని చేపట్టాయి. బోరుబావి దగ్గరి మోటారు ఊళ్ళో ఉన్న రైతుకు కబురు పంపుతోంది. నిలిపి ఉంచిన కారు తానెక్కడున్నదీ యజమానికి తెలుపుతోంది. ఇటువంటి పరికరాలను తయారుచేసేవారు వాటికి ఏ మాట నేర్పాలి, ఆ మాటను ఎవరికి చేర్చాలి, ఎంతకాలం చేర్చాలి అన్నవి ఇంజనీర్లు మాత్రమే తేల్చుకోదగిన ప్రశ్నలు కావు. పరికరాన్ని కొని వాడుకొనే సామాన్యుని బతుకు వాటితో ముడిపడి ఉంది.

వస్తువులను సమాచార వలయంతో కలిపే ఈ పద్ధతికి 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అన్న పేరును 1999లో కెవిన్ ఆష్టన్ ప్రయోగించాడు. ఆలోచన అంతకుముందే పుట్టింది. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కొందరు ఒక శీతల పానీయాల యంత్రాన్ని కంప్యూటరుకు జతచేసి, అందులో సీసాలున్నాయా, అవి చల్లబడ్డాయా అన్నది కూర్చున్న చోటు నుండే తెలుసుకోగలిగారు. నాటి యంత్రంలోనూ నేటి యంత్రంలోనూ అంగాలు మూడే. పరిస్థితిని గ్రహించే సెన్సర్ ఒకటి. గ్రహించినదాన్ని లెక్కకట్టే చిన్న చిప్ రెండవది. కబురు మోసే తీగ గాని, సిమ్ కార్డు గాని, రేడియో గాని మూడవది. ఈ మూడూ నేడు చౌకగా, సులభంగా లభిస్తున్నాయి. యంత్రాల సిమ్‌లు ఎంతగా పెరిగాయంటే, వాటికి మనుషుల ఫోన్లవలె 10 అంకెల సంఖ్య చాలదని, 13 అంకెల సంఖ్యలు కేటాయించాలని 2018లో కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ ఆదేశించింది.

ఈ మార్పు మన ప్రాంతానికి దూరంగా జరుగుతున్నది కాదు. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ, నేడు కార్ల తయారీకి ప్రసిద్ధి పొందింది. 2017లో కుదిరిన ఒప్పందం మేరకు పెనుకొండ మండలం ఎర్రమంచి సమీపాన దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ కర్మాగారాన్ని నిర్మించింది. 2019 ఆగస్టులో అక్కడి నుండి తొలి సెల్టోస్ కారు వెలువడింది. 2023 జూలై నాటికి తయారైన కార్ల సంఖ్య 10 లక్షలకు చేరింది. వీటిలో అనేక రకాల కార్లు సిమ్‌ను తమలోనే ఇముడ్చుకొని, యజమాని చేతి ఫోనుతో సంభాషించగలవు. ఒకప్పుడు కోట బురుజుల మీది కావలివారు కబురందించిన చోట నేడు కబురు చెప్పే వాహనాలు తయారవుతున్నాయి.

పెద్ద సంస్థకు పరిశోధనాలయాలు, ధనం, నిపుణులు ఉంటారు. అది మాట్లాడే కారును చేయగలగడం ఆశ్చర్యం కాదు. స్టార్టర్ పెట్టెలు, కొలిమి సామగ్రి, మగ్గపు భాగాలు తయారుచేసే చిన్న కర్మాగారాల సంగతి ఏమిటన్నది అసలు ప్రశ్న. ఈ విద్య తమ స్థోమతకు మించినదని వారు వెనుదీయనక్కరలేదని నా అభిప్రాయం. అయితే పెద్ద సంస్థలను చూసి అనుకరించే దారి కాక, వాడుకరి కష్టం నుండి మొదలయ్యే దారి వారికి తగినది.

హిందూపురం చుట్టుపక్కల పొలాలను ఉదాహరణగా తీసుకుందాం. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇక్కడ సేద్యమంటే చాలామందికి బోరుబావే. నీళ్ళు అడుగంటినా మోటారు తిరుగుతూనే ఉంటే కాలిపోతుంది. మూడు ఫేజుల కరెంటులో ఒకటి తప్పినా అదే గతి. కాలిన మోటారును పైకి తీయించి, వైండింగ్ చేయించి, మళ్ళీ దించేసరికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఈలోగా పైరు వాడిపోతుంది. నీరు లేక వట్టిగా తిరిగే మోటారు లాగే కరెంటు తగ్గిపోతుందన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం. కనుక బావిలోకి ఏ పరికరమూ దించకుండానే, పైనున్న స్టార్టర్ పెట్టెలో కరెంటును కొలిచే చిన్న చుట్ట అమర్చితే చాలు. నీరు తగ్గిన సంగతి తెలుస్తుంది, మోటారును ఆపవచ్చు, ఆపిన సంగతిని రైతుకు తెలుపవచ్చు. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన 'నానో గణేశ్', బెంగళూరులో రూపొందిన 'కిసాన్ రాజా' వంటి పరికరాలు ఫోను ద్వారా మోటారును నడిపే వీలు కల్పించాయి. అవి కొత్త మోటారును కొనమనలేదు. ఉన్న మోటారుకే మాట నేర్పాయి. చిన్న తయారీదారు గ్రహించవలసిన మొదటి పాఠం ఇదే.

హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ ఉంది. ఆ గూళ్ళ వెనుక పట్టుపురుగుల పెంపకందారు శ్రమ ఉంది. లేత పురుగులకు సుమారు 27 డిగ్రీల వేడి, 80 శాతానికి పైగా గాలిలో తేమ అవసరం. ఎదిగిన పురుగులకు సుమారు 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ చాలు. పురుగు నాలుగుసార్లు పొర విడిచి, ఐదు దశలు దాటి, దాదాపు 25 రోజులలో గూడు కడుతుంది. ఈ కొద్ది రోజులలో షెడ్డులోని వేడి అదుపు తప్పితే పంట దెబ్బతింటుంది. వేడిని, తేమను కొలిచి, హద్దు దాటినప్పుడు మాత్రమే హెచ్చరించే పరికరం అతనికి ఎంతో మేలు చేస్తుంది. నిమిషానికొక అంకెను పంపి విసిగించే పరికరం వల్ల ప్రయోజనం లేదు. మితభాషణం దూతకు భూషణమన్నది ఇక్కడ కూడా వర్తిస్తుంది. ఆ హెచ్చరిక తెలుగులో, వినిపించే మాటగా ఉంటే చదువురాని వారికి కూడా అక్కరకు వస్తుంది.

ఇంతవరకు యంత్రం ఏమి చెప్పాలన్నది చూశాం. ఎవరికి చెప్పాలన్న ప్రశ్న ధర్మవరం మగ్గాల దగ్గర ఎదురవుతుంది. పట్టుచీరెల అంచుల మీద, కొంగుల మీద పూచే పూవులు, వాలే హంసలు జకార్డ్ పరికరం మహిమ. ఫ్రాన్సు దేశస్థుడైన జోసెఫ్ మేరీ జకార్డ్ 19వ శతాబ్ది ఆరంభంలో రంధ్రాలు గల అట్టల ద్వారా పడుగు పోగులను లేపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. యంత్రానికి ఆజ్ఞను రాసి ఇచ్చే విద్యకు ఆ అట్టలే ఆద్యమని, కంప్యూటరు చరిత్రలో వాటికి స్థానముందని పండితులు చెబుతారు. ఇటువంటి మగ్గానికి పేక ఎన్నిసార్లు నడిచిందో లెక్కించే సెన్సర్‌ను అమర్చడం కష్టం కాదు. కానీ ఆ లెక్క ఎవరికి చేరుతుంది? నేతగానికే చేరితే తన పనిని తాను అంచనా వేసుకొంటాడు; చీరె చేతిమగ్గం మీద నేసినదేనని కొనుగోలుదారుకు రుజువు చూపగలుగుతాడు. కూలికి నేయించే యజమానికి మాత్రమే చేరితే, మంచినీళ్ళకు లేచిన ప్రతి క్షణమూ అతనికి లెక్క చెప్పవలసిన తప్పుగా మారుతుంది. పరికరం ఒక్కటే, అది ఎవరి దూత అన్నదాన్ని బట్టి ఒకచోట చేయూత, మరొకచోట కాపలా అవుతుంది. ఈ నిర్ణయం జరిగేది తయారీదారు బల్ల మీదనే. వ్యక్తుల సమాచార రక్షణకు మన దేశంలో 2023లో చట్టం వచ్చింది. అయినా చట్టం అడిగేదాకా ఆగక, పరికరం ఏమేమి సేకరిస్తున్నదో, ఎవరికి పంపుతున్నదో కొనేవానికి తెలుగులో ఒక పుటలో చెప్పడం తయారీదారు ధర్మం.

ఎంతకాలం చెప్పాలన్నది మూడవ ప్రశ్న. మామూలు మోటారును అమ్మినవాడు దుకాణం మూసివేసినా మోటారు తిరుగుతుంది. మాట్లాడే పరికరం అలా కాదు. అమెరికాలో రివాల్వ్ అనే సంస్థ ఇంటి ఉపకరణాలను నడిపే పరికరాన్ని అమ్మింది. ఆ సంస్థను కొన్నవారు 2016లో దాని సర్వర్లను నిలిపివేయగా, డబ్బు పెట్టి కొన్నవారి ఇళ్ళలో అవి పనికిరాని పెట్టెలుగా మిగిలాయి. మన దేశంలో ఎయిర్‌టెల్ సంస్థ 2020 నాటికి 3జీ సేవలకు స్వస్తి చెప్పింది. ఆ సేవ మీదనే ఆధారపడిన పరికరానికి అంతటితో నోరు మూతపడినట్లే. 2016లోనే 'మిరాయ్' అనే దుష్ట ప్రోగ్రాము, మార్చని పాస్‌వర్డులతో ఉన్న వేలాది కెమెరాలను వశపరచుకొని ప్రసిద్ధ వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. నమ్మి ఇంట్లో పెట్టుకున్న దూత శత్రువు చేతికి చిక్కితే కలిగే ముప్పు ఇది.

కాబట్టి ఈ విద్యను చేపట్టదలచిన చిన్న తయారీదారు ఒకే ఒక్క కష్టాన్ని ఎంచుకొని దానికి పరిష్కారం చూపాలి. పది పరికరాలను తెలిసిన వాడుకరుల దగ్గర ఒక పంటకాలమంతా ఉంచి, లోపాలు సవరించుకొన్న తరువాతనే వందలు తయారుచేయాలి. రేడియో గల పరికరానికి కావలసిన ప్రభుత్వ అనుమతులు పొందాలి. ప్రతి పరికరానికీ వేర్వేరు పాస్‌వర్డు ఇవ్వాలి. సిగ్నలు లేని నాడు కూడా అసలు పని ఆగకూడదు: కబురు అందకపోయినా మోటారు చేతితో నొక్కితే తిరగాలి. ఊరి మెకానిక్ విప్పి బాగుచేయగలిగేలా ఉండాలి. ఎన్నేళ్ళు సేవ అందిస్తారో అమ్మేనాడే రాసి ఇవ్వాలి.

ఇన్ని హంగులతో ధర పెరుగుతుందని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. అందుచేతనే ప్రతి వస్తువుకూ మాట నేర్పవలసిన పని లేదు. అది చెప్పే కబురు వల్ల తప్పే నష్టం, దానికయ్యే ఖర్చు కంటె ఎక్కువైనప్పుడే ఆ ప్రయత్నం సార్థకం. కాలిపోయే మోటారు, పాడయ్యే పట్టుగూడు ఈ పరీక్షలో నెగ్గుతాయి. కేవలం గొప్ప కోసం ఫోనుతో వెలిగించే దీపం నెగ్గదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఈ పరికరాలను రూపొందిస్తారు; కొందరు అమ్ముతారు; అందరూ కొంటారు. మీకు సెన్సర్ల పరిజ్ఞానం ఎంత అవసరమో, మోటారు కాలిన రైతు వేదన తెలియడం, మగ్గం ముందు కూర్చున్న నేతగాని నడుము నొప్పి తెలియడం అంత అవసరం. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం మధ్య ఉన్న ఈ నేలలో కష్టాలకు కొదవ లేదు. వాటిని ఎరిగినవారికి బయటి నిపుణుని కంటె ఒక అడుగు ముందుండే అవకాశం ఉంది. మీ చేతిలో రూపుదిద్దుకొనే యంత్రం నిజమే పలకాలి, కొద్దిగా పలకాలి, శ్రమించేవాని పక్షాన పలకాలి.